ఇద్దరికొక పలక

2025 జనవరి 19, ఆదివారం

ఈ డైరీ సిమెంటు డీలరు ఇచ్చాడు. ప్రతి ఏడూ ఇస్తాడు, ప్రతి ఏడూ మా ఆవిడ ఉషారాణి దాన్ని వంటింట్లోకి పట్టుకుపోతుంది. ఈసారి నేనే అట్టిపెట్టుకున్నాను. ఎందుకంటే ఇవాళ నాకు శాలువా కప్పారు.

మా పలకల కార్ఖానాల సంఘం వాళ్ళు కల్యాణ మండపంలో మీటింగు పెట్టారు. "ప్రపంచ శాంతికి మార్కాపురం పలక" అని ఫ్లెక్సీ. అందులో నా ఫొటో పదేళ్ళ కిందటిది, తల నిండా జుట్టుంది. నలుగురు మాట్లాడారు. నలుగురికీ సంగతి సరిగ్గా తెలియదు.

సంగతి ఇది. దొరల దేశం ఒకటి, యుద్ధంలో నలిగిపోయిన ఇంకో దేశానికి బడులు కట్టిస్తోంది. ఆ యుద్ధం దేశం పేరు నాకు నోరు తిరగదు, డైరీలో తప్పు రాయడం దేనికి. పశువులు కాసేవాళ్ళూ సేద్యం చేసేవాళ్ళూ తొమ్మిదేళ్ళు చంపుకున్నారట. ఇప్పుడు రెండు వైపుల పిల్లల్నీ ఒకే బడిలో కూర్చోబెడతారు. అక్కడ కరెంటు లేదు, కాగితం వానకు నిలవదు. అందుకని రాతి పలకలు. పన్నెండు వేలు, మా కార్ఖానా నుంచి. ఏప్రిల్ ఆఖరుకల్లా చెన్నై రేవుకు చేర్చాలి.

ఇద్దరు పిల్లలకు ఒక పలక. ఒక వైపు వాళ్ళ పిల్లవాడు రాస్తాడు, రెండో వైపు వీళ్ళ పిల్లవాడు. ఒకడు రాసేదాకా ఇంకొకడు ఆగాలి. శాంతి పాఠం అదేనట. హైదరాబాదులో ఆ సాయం ఆఫీసు చూసే సంధ్యారాణి ఫోనులో చెప్పింది. తలా ఒకటి ఇస్తే ఇరవై నాలుగు వేలయ్యేవి కదమ్మా అన్నాను. పాపం, నవ్వింది.

జనవరి 21

రామన్న మామకు పని అప్పజెప్పాను. మా నాయన కాలం నుంచి మా దగ్గర రాయి చీల్చేది ఆయనే. చిన్నప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఉలి ఎక్కడ ఆనిస్తే పొర విడుతుందో చెవితో విని చెప్పేవాడు. మిషన్లు వచ్చాక మిగతా కార్ఖానాల్లో చేత్తో చీల్చేవాళ్ళు పోయారు. ఈ ఆర్డరు వాళ్ళకేమో రెండు వైపులా సమంగా, నునుపుగా కావాలి. అది ఆయన చేతికే వస్తుంది.

ఇద్దరికొకటి అని చెబితే ఆయన ఉలి కింద పెట్టాడు.

"కొట్టుకుంటారేమో సెట్టీ."

"కొట్టుకోకూడదనే మామా ఇది."

"పిల్లోళ్ళు గదా, లాక్కుంటారు. కొంచెం మందంగా తీస్తాలే. లాక్కున్నా పగలదు."

మాట్లాడుతూనే దగ్గాడు. రాతిదుమ్ము రొమ్ములో పేరుకుపోయిందని, ఈ పని మానమని ఒంగోలు డాక్టరు రెండేళ్ళ కిందటే చెప్పాడు. ఆయన భార్య నాగులమ్మ మధ్యాహ్నం సద్ది తెచ్చి నా ముందు నిలబడింది. ఆమెది దోర్నాల వైపు అడివిగూడెం. ఇప్పటికీ తేనె, చింతపండు తెచ్చి బజారులో అమ్ముతుంది.

"ఇదే ఆఖరు సెట్టీ. ఇది కాంగానే మా తమ్ముడి కాడికి తీస్కపోతా. ఆడ దుమ్ము లేదు. ఉన్నన్నాళ్ళు ఊపిరన్నా పీల్చుకుంటాడు."

"ఇదే ఆఖరు అత్తా. పని అయిన రోజు నేనే కారులో దింపొస్తా," అని మాట ఇచ్చాను.

ఫిబ్రవరి 11

గని నుంచి రాయి బాగా దిగుతోంది. తడి గోనెసంచులు కప్పి పూటకొకసారి నీళ్ళు కొడుతున్నాం. పలకరాయి గనిలోంచి వచ్చాక ఆరకూడదు. ఆరితే పొరలు కరుచుకుంటాయి, చీల్చబోతే ముక్కలవుతుంది, దుమ్ము లేస్తుంది. ఇదంతా ఎవరికి రాస్తున్నానో. ఈ ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు.

ఉషారాణి ఫోనులో వార్త చూపించింది. ఆ దొరల దేశంలో ధరలు మండిపోతున్నాయట. చలికి హీటరు వేసుకునే దిక్కులేక ముసలివాళ్ళు లైబ్రరీల్లో కూర్చుంటున్నారట. బయటి దేశాలకు సాయమెందుకు, ముందు మన ఇల్లు చూసుకోండి అని జనం ఊరేగింపులు తీస్తున్నారు.

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అని ఊరికే అన్నారా?" అంది.

వాళ్ళు సంతకం పెట్టారు అన్నాను. ప్రభుత్వం మాటంటే కిరాణా కొట్టు మాట కాదు.

ఫిబ్రవరి 26

శివరాత్రి. శ్రీశైలం నడిచిపోయేవాళ్ళు రెండు రోజులుగా ఊరి మీదుగా పోతున్నారు. ప్రతి ఏడూ రామన్న మామా నాగులమ్మా అడివి దారిన పోయేవాళ్ళు. ఈసారి పోలేదు. కొండ ఎక్కలేనన్నాడట. సెలవైనా మధ్యాహ్నం దాకా రాళ్ళ దగ్గరే ఉన్నాడు. అయిదు వేల పైన తీశాడు. ఒక్కటి విరగలేదు.

మార్చి 14

పదకొండింటికి మెయిలు వచ్చింది. రెండుసార్లు చదివాను, తర్వాత సంధ్యారాణికి ఫోను చేశాను.

"రద్దు అనలేదన్నా, సమీక్షలో పెట్టారు. ఆ దేశం విదేశీ సాయాన్ని సగానికి కోసేసింది. మందులు, తిండి మాత్రం ఉంచుతారట. శాంతి పనులన్నీ ఆగిపోయాయి. బడులు అందులోకే వస్తాయి."

"ఎన్నాళ్ళు?"

"మీరు మా పెద్దన్నలాంటివారు కాబట్టి చెబుతున్నా. పని ఆపేసుకోండి."

మార్చి 15

సమీక్ష అంటే రద్దు కాదు.

మార్చి 17

ఫ్రేములు కొట్టేవాళ్ళను ఊరి బడుల పలకల మీదికి మార్చాను. వాళ్ళేమీ అడగలేదు. రామన్న మామకు మాత్రం ఏమీ చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో రాసుకోవాలి. చెబితే ఆయన ఆ సాయంత్రమే దోర్నాల బస్సెక్కుతాడు, ఎక్కించేది నాగులమ్మ. వెళ్ళినవాడు మళ్ళీ రాడు. రేపు వాళ్ళు సరేనంటే ఎవరు చీలుస్తారు? మిషను మీద తీసిన పలకను వాళ్ళు ముట్టుకోరు. నెలరోజులు చూసి చెబితే కొంప మునగదు. పైగా ఆయనకు ఈ పనంటే ఇష్టం. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఇంకా దగ్గుతాడు.

శాలువా బీరువాలో ఉంది. సంఘం వాళ్ళు కనిపిస్తే "పలకలు ఓడెక్కినాయా ఫణీ?" అంటున్నారు. త్వరలో అంటున్నాను.

మార్చి 30

ఉగాది. రామన్న మామ కొత్త చొక్కా వేసుకుని ఇంటికి వచ్చాడు. ఉషారాణి పచ్చడి ఇచ్చింది. గడప మీద కూర్చుని తింటూ అడిగాడు.

"ఆ పిల్లోళ్ళకు బడి ఎప్పుడు తెరుస్తారు సెట్టీ?"

"జూన్‌లోనే మామా, మనలాగే."

"ఐతే టయానికి అందుతాయి."

అందుతాయి అన్నాను. పండగ పూట ఇంకేం చెప్పను. ఆయన వెళ్ళాక ఉషారాణి పచ్చడి గిన్నె పెద్ద చప్పుడుతో కడిగింది. మెయిలు సంగతి ఆమెకు తెలుసు.

ఏప్రిల్ 3

కుళాయి వచ్చి తొమ్మిది రోజులైంది. వీధిలో ట్యాంకరు దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెలతో కొట్టుకుంటే ఒకామె నుదురు పగిలింది. అదే వేళకు ట్యాంకరు మస్తానయ్య మా కార్ఖానాలో రాళ్ళకు నీళ్ళు దించుతున్నాడు. ఉషారాణి మేడ మీంచి చూసింది, కిందికి దిగి వచ్చింది.

"తాగేదానికి లేక మనుషులు తలలు పగలగొట్టుకుంటా ఉంటే, ఎక్కడికీ పోని పలకలకు నీళ్ళు పోయిస్తావా? సిగ్గు లేదా నీకు?"

మస్తానయ్య ముందే అంది. ఒళ్ళు మండింది, కానీ ఆమె అన్నది నిజం. రేపటి నుంచి రావద్దని మస్తానయ్యకు చెప్పాను. ఆ నీళ్ళు వీధిలోనే పోయమన్నాను. న్యాయమైన పనే చేశాను. చాలారోజుల తర్వాత తృప్తిగా భోజనం చేశాను.

ఏప్రిల్ 4

తొమ్మిదింటికి వెళ్ళేసరికి రామన్న మామ గోనెసంచులు ఎత్తి చూస్తున్నాడు. అరచెయ్యి రాయికి ఆనించి అట్లాగే నిలబడ్డాడు.

"ట్యాంకరు రాలేదేంది సెట్టీ?"

"దొరకడం లేదు మామా. ఊరంతా ఇదే గోల."

"వీధిలో పోస్తా ఉండాడు గదా మస్తానయ్య."

"అది మునిసిపాలిటీది."

ఆయన నా మొహం చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూశాను.

"పలకలు పోతాయి గదా సెట్టీ?"

"ఎందుకు పోవు? పోతాయి."

"అట్లనా," అన్నాడు. తువ్వాలు మూతికి చుట్టుకుని కూర్చున్నాడు. మొదటి దెబ్బకే దుమ్ము లేచింది.

ఏప్రిల్ 7

మాస్కుల డబ్బా తెప్పించాను.

ఏప్రిల్ 9

మాస్కు పెట్టుకోడట, ఊపిరాడదట. నేను చేయగలిగింది చేశాను.

ఏప్రిల్ 12

సంధ్యారాణి తనే ఫోను చేసింది. వాళ్ళ ఆఫీసు మూసేశారు. పన్నెండు మందిని ఒక్క మెయిలుతో తీసేశారు. ఆమెకు పదేళ్ళ సర్వీసు. "ఇక నాకు చేయకండన్నా, ఈ నంబరు కూడా ఆఫీసుదే," అని, ఆపుకోలేక ఏడ్చేసింది. ఆ దేశం మంత్రి వాళ్ళ సభలో అన్నాడట, శాంతికి మేము కట్టుబడే ఉన్నాం, కానీ ఈ ఏడు మా ప్రజల ఏడు అని. మాట తప్పేవాడికి మాటలకు కొదవా!

ఇవాళ చెప్పేద్దామని షెడ్డుకు పోయాను. నిజంగానే పోయాను. రామన్న మామ ఒక పలకను వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఉన్నాడు. కనురెప్పల మీద దుమ్ము. "చూడు సెట్టీ, ఆరిన రాయి. ఐనా సమంగా వచ్చింది," అన్నాడు. పక్కన విరిగిన ముక్కలు మోకాలెత్తు ఉన్నాయి. అది ఒక్కటే సమంగా వచ్చినట్టుంది. నీలాంటి చెయ్యి జిల్లాలో లేదు మామా అన్నాను. పొగిడి వచ్చేశాను.

ఏప్రిల్ 16

రేపు చెబుతాను.

ఏప్రిల్ 17

సంఘం ఎన్నికల గొడవలో ఉన్నాను.

ఏప్రిల్ 18

రేపు.

ఏప్రిల్ 20

ఆయనకు కూలి ఏ వారం ఆపలేదు. అది గుర్తు పెట్టుకోవాలి. ఆ దొరల్లాగా నేను ఎవరినీ మెయిలు కొట్టి తీసెయ్యలేదు. పనిలో పెట్టుకునే ఉన్నాను. ఈ కరువులో మనిషికి పని చూపించడం కంటే ధర్మం ఏముంది?

ఉషారాణి రెండు రోజులుగా మాట్లాడటం లేదు. అన్నం పెడుతోంది.

ఏప్రిల్ 22

పొద్దున పదకొండింటికి దగ్గు తెర వచ్చింది, ఆగలేదు. రాయి మీద నెత్తురు పడింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి రాయినే కావిలించుకుని పడి ఉన్నాడు. కారులో వెనక సీట్లో పడుకోబెట్టాం. నాగులమ్మ ఒళ్ళో తల పెట్టుకుంది. ఒంగోలు దాకా కొంగుతో ఆయన మూతి తుడుస్తూనే ఉంది. కారులో దింపుతానని నేను ఇచ్చిన మాట ఈ ప్రయాణం గురించి కాదు.

ఏప్రిల్ 25

ఆక్సిజను మీద ఉంచారు. కుర్ర డాక్టరు ఫిల్ములు చూపించాడు. రొమ్మంతా తెల్లగా ఉంది. పాత జబ్బే, పైన జ్వరం పట్టుకుంది అన్నాడు.

"ఈ రెండు మూడు వారాల్లో దుమ్ము మామూలు కంటే ఎక్కువ తగిలిందా?"

"లేదండీ, మామూలే," అన్నాను.

నాగులమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నా వైపు చూసింది. ఆమెకు ఏమీ తెలియదు కదా అనుకున్నాను.

ఏప్రిల్ 29

రామన్న మామ కళ్ళు తెరిచాడు. మూతికి మాస్కు ఉంది, మాట రాదు. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తాడు. ఏమన్నా కావాలా మామా అని అడిగాను. ఏదో వినాలన్నట్టు చూస్తూ ఉన్నాడు. చెబుదామంటే పక్క మంచాల వాళ్ళు ఉన్నారు. తగ్గిపోతుందిలే అని చెయ్యి నిమిరాను. కళ్ళు మూసుకున్నాడు.

మే 3

రామన్న మామ పోయాడు. పొద్దున తొమ్మిదింటికి.

మే 4

వాళ్ళ కాలనీ వెనక పాతిపెట్టారు. మట్టి నేను కూడా వేశాను. మస్తానయ్య ట్యాంకరు తెచ్చి, వచ్చినవాళ్ళందరికీ కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు పట్టాడు. నేను రమ్మనలేదు, తనంతట తనే వచ్చాడు.

మే 19

నాగులమ్మ కాలనీ ఇల్లు ఖాళీ చేసి దోర్నాల తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. నాకు చెప్పలేదు. చెప్పాలని ఏముంది?

షెడ్డు వైపు పోవడం లేదు.

జూన్ 12

మెయిలు! కొత్త పేరు, కొత్త ఆఫీసు. వాళ్ళ సభలో పెద్ద గొడవ జరిగి, ఇచ్చిన మాటల్లో కొన్నయినా నిలబెట్టుకోవాలని తీర్మానం చేశారట. శాంతి బడుల్లో మూడో వంతు సెప్టెంబరులో తెరుస్తారు. నాలుగు వేల పలకలు పంపగలరా అని అడిగారు.

పంపగలను! నీళ్ళు ఆపకముందు రామన్న మామ తీసినవి ఎనిమిది వేల పైన ఉన్నాయి. ఒక్కోటి నేను స్వయంగా ఏరుతాను.

పోతాయి అన్నాను, పోతున్నాయి. నేను అబద్ధం చెప్పలేదు. నిజాన్ని కొంచెం ముందుగా చెప్పాను, అంతే. ఉషారాణితో ఈ మాటే అంటే ఆమె నన్ను ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. రేపు దోర్నాల పోయి నాగులమ్మకు చెప్పాలి. ఆయన కష్టం వృథా కాలేదని తెలిస్తే ఆమె మనసు కుదుటపడుతుంది.

జూన్ 13

వెళ్ళొచ్చాను.

గూడెం రోడ్డుకు రెండు కిలోమీటర్లు లోపల. వేపచెట్టు కింద నాగులమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఆమె తమ్ముడు మంచం వాల్చాడు. గాలి నిజంగానే బాగుంది. పెద్దగా ఊపిరి పీల్చుకుని, సిగ్గేసి ఆపేశాను.

"అత్తా, మామ తీసిన పలకలు పోతున్నాయి. ఇవాళ కాకపోతే వారంలో. ఆ పిల్లలకు అందుతాయి."

ఆమె చేతులు ఆగలేదు.

"ఇప్పుడు పోతాయా?"

"పోతాయి."

"మద్దెలో పోవన్నారా?"

నేను కింద పడ్డ చింతగింజ ఒకటి ఏరాను.

"తెలుసులే సెట్టీ. నువ్వు నీళ్ళు ఆపిన మర్నాడు ఇంటికొచ్చి చెప్పినాడు. 'ఆ పలకలు పోవు నాగులూ, పోయే పలక రాయిని ఎవురూ ఆరనీరు' అని."

"తెలిసి... మరి ఎందుకు వచ్చాడత్తా?"

"నేనూ అట్లనే అడిగినా. మూట కట్టినా గూడా, పదయ్యా పోదాం అని. వినలా. 'సెట్టి నోటితో పోతాయన్నాడు, పోవని గూడా ఆయన నోటితోనే చెప్పనీ. నేను ముందే మానుకుంటే ఆయన్ని అబద్దాలోడు అన్నట్టయితాది. ఎత్తుకు మోసినోణ్ణి, ఆ మాట నేనెట్ల అంటా?' అన్నాడు. రోజూ పొద్దున తువ్వాలు దులుపుకుంటా అదే మాట. ఈ పొద్దు చెప్తాడులే. సాయంత్రం వస్తే, రేపు చెప్తాడులే. ఆస్పత్రిలో గూడా నువ్వొచ్చినప్పుడల్లా లేచి కూసోవాలని చూసినాడు."

తమ్ముడు లోపలికి వెళ్ళిపోయాడు. నాగులమ్మ నన్ను తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా ఆమె కాళ్ళ మీద పడి ఉండేవాణ్ణి. గింజలు తీసిన చింతపండు తట్టలోకి ఎత్తుకుంటూ, పొద్దుపోతే అడివి దారి కనపడదు, పో నాయనా అంది.

ఈ డైరీ వెనక్కి తిప్పి చదివాను. ఏప్రిల్ నాలుగు నుంచి ఇరవై రెండు దాకా. పద్దెనిమిది రోజులు. అన్ని రోజులూ ఆయన ఎదురుగా నిలబడ్డాను, మంచీ చెడ్డా మాట్లాడాను. ఏ రోజు చెప్పినా బతికేవాడని రాయలేను, అది డాక్టరుకు కూడా తెలియదు. ఏ రోజు చెప్పినా ఆ రోజే ఉలి కింద పెట్టి ఇంటికి పోయేవాడు. అది మాత్రం నాకు తెలుసు.